గోడలు లేని జైలు

1860లో తయారైన భారత శిక్షాస్మృతి 2024 జూలై 1న తెరమరుగైంది. దాని స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత తన 4వ సెక్షన్‌లో శిక్షలను ఆరు రకాలుగా లెక్కపెట్టింది: మరణశిక్ష, యావజ్జీవ కారాగారం, కఠినంగానో సాధారణంగానో అనుభవించే జైలు, ఆస్తి జప్తు, జరిమానా, చివరిగా సమాజ సేవ. ఈ ఆరోదే కొత్తది. నేరం చేసినవాణ్ణి జైలుగోడల మధ్యకు నెట్టకుండా జనం మధ్యనే ఉంచి, వాడిచేత జనానికి పనికొచ్చే పని చేయించడం నాగరిక న్యాయానికి గుర్తనీ, వలస పాలకుల శిక్షాదృష్టి నుంచి మనం బయటపడ్డామనడానికి ఇది సాక్ష్యమనీ చట్టాన్ని మెచ్చుకున్నవాళ్ళు అన్నారు.

చట్టం పుస్తకంలో ఆ మాట కొత్తదే. ఆ మాట వెనక ఉన్న పనిని మాత్రం చరిత్రలో వెతకాలి. గోడల బయట, ఊరి నడుమ, జనం కళ్ళ ఎదుట శిక్ష అనుభవించడమన్నది ఈ దేశంలో, అందులోనూ తెలుగు జిల్లాల్లో, రెండు వందల ఏళ్ళుగా ఉంది. అది ఎవరికి దక్కింది, ఏ రూపంలో దక్కింది అన్నదే అసలు ప్రశ్న.

మద్రాసు రాజధానిలో 1816 నాటి 11వ రెగ్యులేషన్ గ్రామ మునసబులకు చిల్లర నేరాలను విచారించి శిక్ష వేసే అధికారం కట్టబెట్టింది. తిట్టుకోవడం, చిన్న చిన్న చేయిచేసుకోళ్ళు లాంటివాటికి దోషిని గ్రామచావడిలో 12 గంటలకు మించకుండా నిర్బంధించవచ్చు. అదే దోషి 'తక్కువ' కులాలవాడైతే, అంతటి అవమానకరమైన శిక్ష వాడికి వేయడం అనుచితం కాదని తోస్తే, 6 గంటల వరకు బొండకొయ్యలో వేయవచ్చు. చేసిన తప్పు ఒకటే. ఒకడు చావడి నీడలో కూర్చుంటాడు. ఇంకొకడు కాళ్ళు బొండలో ఇరికించుకుని ఊరంతా చూస్తుండగా ఎండలో కూర్చుంటాడు. మన పల్లెల్లో అవమానమనేది ఎవరికి శిక్షో, ఎవరికి నిత్యజీవితమో కంపెనీ దొరలు బాగానే కనిపెట్టారు. మనుధర్మాన్ని పాటిస్తున్నామని వాళ్ళు చెప్పలేదు. స్థానిక ఆచారాన్ని గౌరవిస్తున్నామన్నారు. రెంటికీ ఫలితం ఒకటే.

అదే రోజుల్లో కంపెనీ ఖైదీలు ఎక్కువమంది జైలు లోపల కాక రోడ్ల మీద ఉండేవాళ్ళు. కాళ్ళకు సంకెళ్ళతో గుంపులు గుంపులుగా రాళ్ళు కొట్టారు, మట్టి మోశారు, దండు నడిచే బాటలు వేశారు. సర్కారుకు ఇంతకంటె చౌక కూలీ దొరకదు. 1836లో నియమించిన జైలు క్రమశిక్షణ కమిటీ 1838లో నివేదిక ఇస్తూ ఈ పద్ధతిని తప్పుపట్టింది. మెకాలే ఆ కమిటీలో సభ్యుడు. కమిటీకి బాధ కలిగించినవి సంకెళ్ళు కావు. బయట పనిచేసే ఖైదీ జనంతో మాట్లాడుతున్నాడు, పొగాకు సంపాదించుకుంటున్నాడు, గట్టివాడికి అది శిక్షే కాకుండా పోతోంది, బలహీనుడికి ప్రాణం మీదికి వస్తోంది అన్నది దాని ఆరోపణ. ఈ పనికి బదులు నాలుగు గోడల మధ్య, విసుగు పుట్టించే, ఏ ఆసక్తీ కలగని చాకిరీ చేయించాలని సిఫారసు చేసింది. మనం ఈనాడు జైలు అనుకునే రాతి కట్టడం ఆ ఆలోచన నుంచి మెల్లమెల్లగా లేచింది. ఖైదీకి సమాజంతో ఉన్న కాస్త సంబంధాన్ని తెంపడమే అప్పటి సంస్కరణ. ఈ సంగతి గుర్తుంచుకుంటే, 'సంస్కరణ' అన్న మాట వినగానే లేచి నిలబడే అలవాటు కొంత తగ్గుతుంది.

1860 శిక్షాస్మృతి 53వ సెక్షన్‌లో కూడా మొదట ఆరు శిక్షలే ఉండేవి: ఉరి, ద్వీపాంతరవాసం, 'పీనల్ సర్విట్యూడ్' అనే మరో రకం నిర్బంధ చాకిరీ, రెండు రకాల జైలు, ఆస్తి జప్తు, జరిమానా. వీటిలో మూడోది ఐరోపా, అమెరికా జాతులవాళ్ళకు మాత్రమే. నల్లవాడితో కలిపి తెల్లవాణ్ణి ఓడలో అండమానుకు పంపడం పాలక జాతి పరువుకు భంగం గనక వాడికోసం వేరే శిక్ష కావలసివచ్చింది. చట్టం ముందు అందరూ సమానులేనని చాటిన స్మృతి శిక్షల పట్టికలోనే వర్ణభేదాన్ని దాచుకుంది. ఈ అంశం 1949లో గాని తొలగిపోలేదు. 1864లో కొరడా చట్టం వచ్చింది. జైలు కంటె కొరడా చౌక అన్న లెక్క దాని వెనక ఉంది. 1909లో దాన్ని సవరించి కొనసాగించారు. అది రద్దయింది 1955లో. ద్వీపాంతరవాసం యావజ్జీవ కారాగారంగా మారింది కూడా ఆ ఏడాదే.

ద్వీపాంతరవాసాన్ని గురించి ఒక మాట. అండమాను అనగానే మనకు సెల్యులార్ జైలే గుర్తుకొస్తుంది. కాని కొన్నేళ్ళు గడిపి మంచివాడనిపించుకున్న ఖైదీ టికెట్ పుచ్చుకుని అక్కడి పల్లెల్లో ఇల్లు కట్టుకోవచ్చు, సేద్యం చేసుకోవచ్చు, పెళ్ళాడవచ్చు. దీవి దాటి పోగూడదంతే. సముద్రమే గోడ. ఆ టికెట్ ఊహ, శిక్షపడ్డవాణ్ణి పేరు రాసుకుని బయట వదిలే ఊహ, తరువాత మన ఊళ్ళ వరకు వచ్చింది. అయితే ఇక్కడికి వచ్చేసరికి అది శిక్షపడనివాళ్ళకు వర్తించింది. చరిత్రలో వింత అక్కడుంది.

1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం మొదట ఉత్తరాది రాష్ట్రాలకే పరిమితం. నేతగాడి కొడుకు నేతగాడు, వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టే ఈ దేశంలో నేరం కూడా కులవృత్తి అన్నది దాన్ని తెచ్చినవాళ్ళ వాదం. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికి వచ్చింది. 1924లో మళ్ళీ క్రోడీకరించారు. ప్రభుత్వం ఒక తెగను నేరస్థ తెగగా గెజెట్‌లో ప్రకటిస్తే చాలు. ఆ ప్రకటన సరైనదా కాదా అని ఏ కోర్టులోనూ అడగడానికి లేదు. తెగవాళ్ళ పేర్లు రిజిస్టరుకెక్కుతాయి, వేలిముద్రలు తీసుకుంటారు. నిర్ణీత వేళలకు పోలీసు ఎదుట హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే చెప్పాలి, పాసు చూపాలి. చట్టంలో పేర్కొన్న నేరాల్లో రెండోసారి శిక్షపడితే 7 ఏళ్ళకు తక్కువ కాకుండా జైలు, మూడోసారి అయితే యావజ్జీవ ద్వీపాంతరం. అదే దొంగతనం వేరే కులంవాడు చేస్తే ఈ లెక్క లేదు. వీటన్నిటికీ మించి, ప్రభుత్వం తలచుకుంటే మొత్తం తెగను ఒక సెటిల్‌మెంటులో పెట్టవచ్చు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి బడుల్లో ఉంచవచ్చు.

మనదగ్గర ఈ చట్టం పట్టుకున్నవాళ్ళలో ముఖ్యులు ఎరుకలు. వాళ్ళు ఎవరు? తీరం నుంచి ఉప్పును ఎడ్ల మీదా గాడిదల మీదా వేసుకుని లోపలి జిల్లాలకు తీసుకుపోయి, తిరుగుదారిలో ధాన్యం తెచ్చిన సంచార వర్తకులు. బుట్టలల్లారు, పశువుల్ని అమ్మారు, సోది చెప్పారు. రోడ్డు లేని పల్లెకు వాళ్ళే దారి. రైలు వచ్చి ఉప్పు రవాణాను లాక్కుంది. సర్కారు ఉప్పు విధానం మిగిలిన వ్యాపారాన్ని నలిపింది. అడవి చట్టాలు వెదురునూ మేతనూ నిషిద్ధం చేశాయి. 1876-78 నాటి ధాత కరువు పశువుల్ని తుడిచిపెట్టింది. బతుకుతెరువు పోయి రోడ్డున పడ్డ మనుషులు తిరుగుతూనే ఉన్నారు. ఇదివరకు వర్తకం కోసం తిరిగినవాళ్ళు ఇప్పుడు ఎందుకు తిరుగుతున్నారన్నది పోలీసు ప్రశ్న. మీనా రాధాకృష్ణ 2001లో అచ్చువేసిన పరిశోధన ఈ పరిణామాన్ని ఆర్థిక ఆధారాలతో విప్పి చూపింది. నేరప్రవృత్తి రక్తంలో ఉందన్న సిద్ధాంతానికి జవాబు ఉప్పు పద్దుల్లో దొరికింది.

బాపట్ల, చీరాలల మధ్య రైలుకట్ట పక్కన 1913-14 ప్రాంతంలో వెలసిన స్టూవర్టుపురం ఈ సెటిల్‌మెంట్లలో ప్రసిద్ధమైనది. అప్పటి మద్రాసు ప్రభుత్వ కార్యనిర్వాహక సభ్యుడు హెరాల్డ్ స్టూవర్టు పేరు దానికి పెట్టారు. నిర్వహణను ముక్తిఫౌజుకు, అంటే సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఇలాంటిదే మరొకటి నడిపింది. సీతానగరం, సిద్ధాపురం మరికొన్ని. ముక్తిఫౌజును ఇండియాకు తెచ్చిన బూత్ టక్కర్ ఒకప్పుడు ఐ.సి.ఎస్. ఉద్యోగి, ఫకీరు వేషం వేసి, పేరు మార్చుకుని, చెప్పుల్లేకుండా తిరిగినవాడు. నేరం ఒక జబ్బు, దానికి వైద్యం ఉంది అని నమ్మి ఆ వైద్యానికి 'క్రిమినోక్యూరాలజీ' అని పేరు కూడా పెట్టాడు. ఆయన నమ్మకాన్ని శంకించనక్కరలేదు. జబ్బు లేనివాణ్ణి ఆసుపత్రిలో కట్టేసిన వైద్యుడి చిత్తశుద్ధి ఎంత గొప్పదైనా రోగికి ఒరిగేదేమిటన్నదే సందేహం.

సెటిల్‌మెంటులో ఏముంటుంది? ఇళ్ళుంటాయి, బడి ఉంటుంది, ప్రార్థనా మందిరం ఉంటుంది, మందులిచ్చే మనిషి ఉంటాడు. గోడ ఉండదు. పొద్దున్నా రాత్రీ హాజరు ఉంటుంది. పాసు లేకుండా పొలిమేర దాటితే నేరం. స్థిరంగా కూర్చోవడం నేర్పాలంటే పని కావాలి గదా. సేద్యానికి ఇచ్చిన నేల అందరి కడుపూ నింపలేదు. సీతానగరంలో రాళ్ళ క్వారీ ఉంది. స్టూవర్టుపురానికి చీరాలలో పొగాకు కంపెనీ ఐ.ఎల్.టి.డి. ఫ్యాక్టరీ ఉంది. కూలీ నచ్చకపోతే ఊరు విడిచి పోయే స్వేచ్ఛ లేని కార్మికుడు యజమానికి ఎంత విలువైనవాడో వివరించి చెప్పనక్కరలేదు. పనికి రాకపోతే మేస్త్రీ కోప్పడడం కాదు, చట్టమే కోప్పడుతుంది. మామూలు కూలివాడు సమ్మె చేస్తే ఉద్యోగం పోతుంది. సెటిల్‌మెంటు కూలివాడు పనికి వెళ్ళకపోతే జైలుకు పోతాడు. కంపెనీ, మిషన్, పోలీసు ముగ్గురూ ఒకే హాజరు పుస్తకం చుట్టూ కూర్చున్నారు.

ఇది శిక్ష అని ఎవరూ అనలేదు. ఎందుకంటే శిక్షకు ముందు విచారణ ఉండాలి, తీర్పు ఉండాలి, గడువు ఉండాలి. గడువన్నది ఎంత ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది. ఏడేళ్ళు పడ్డ హంతకుడికి ఎనిమిదో ఏడు ఉంటుంది. సెటిల్‌మెంటులో పుట్టిన బిడ్డకు అది కూడా లేదు. 1919-20లో మద్రాసు అధికారి అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతన దేశమంతా తిరిగిన జైళ్ళ కమిటీ, ఖైదీని సంస్కరించడమే జైలు లక్ష్యమని మొదటిసారి గట్టిగా చెప్పినందుకు మన నేరశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో గౌరవం పొందుతోంది. ఆ నివేదికలోనే నేరస్థ తెగల సెటిల్‌మెంట్లకు ఒక అధ్యాయం కేటాయించారు. జైళ్ళ కమిటీకి జైలుపడని మనుషులతో పనేమిటన్న అనుమానం కమిటీకి రాలేదు. గోడల మాట ఎలా ఉన్నా, అది తమ శాఖ వ్యవహారమేనని వాళ్ళకు తెలుసు.

సాహిత్యం ఈ విషయంలో చట్టం కంటె ముందే కళ్ళు తెరిచింది. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో ఉండగా రాసి 1922లో వెలువరించిన 'మాలపల్లి'లో జైలూ సెటిల్‌మెంటూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఆ నవలను ప్రభుత్వం నిషేధించింది. నిషేధానికి కారణాలు వెతికే విమర్శకులు జాతీయోద్యమాన్నీ రైతుకూలీల తిరుగుబాటునూ చెప్పి ఊరుకుంటారు. శిక్షా వ్యవస్థ మీద తెలుగులో వచ్చిన తొలి పెద్ద విమర్శగా దాన్ని చదవడం ఇంకా సరిగా జరగలేదని నా అభిప్రాయం.

స్వాతంత్ర్యం వచ్చే నాటికి మద్రాసు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టాన్ని వదిలించుకుంది; మరుసటి ఏడాది, 1948లో, 'అలవాటు నేరస్థుల' నియంత్రణ చట్టం తెచ్చుకుంది. కేంద్రం నియమించిన విచారణ కమిటీకి అధ్యక్షుడు మన చిత్తూరు జిల్లా వాడైన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. తెగ మొత్తాన్ని నేరస్థులనడం రాజ్యాంగానికి విరుద్ధమని ఆ కమిటీ చెప్పింది. కులంతో నిమిత్తం లేకుండా అలవాటు నేరస్థులందరికీ వర్తించే చట్టం చేయమని కూడా చెప్పింది. 1952 ఆగస్టు 31న పాత చట్టం దేశమంతటా రద్దయింది. ఆంధ్రప్రదేశ్ తన అలవాటు నేరస్థుల చట్టాన్ని 1962లో చేసుకుంది. అక్షరంలో కులం పోయింది. స్టేషన్లో ఉన్న పాత రిజిస్టరు పోలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా ముందు ఏ గుడిసెల వైపు జీపు వెళుతుందో అందరికీ తెలిసిన విషయమే. 1970లలో స్టూవర్టుపురంలో పనిచేసిన హేమలతా లవణం (మహాకవి జాషువ కుమార్తె) ఎదుర్కొన్న అసలు చిక్కు ఇదే: మారతామన్నవాణ్ణి మారనివ్వని వ్యవస్థతో మాట్లాడవలసి రావడం. ఆ ఊరి నుంచి ఉపాధ్యాయులు, ఉద్యోగులు వచ్చారు. మన సినిమావాళ్ళకు మాత్రం ఇప్పటికీ అక్కడ దొంగలే కావాలి.

గోడల బయటి శిక్షకు మరో ముఖం కూడా ఉంది. దాన్ని చూడకపోతే మన పరిశీలన ఏకపక్షం అవుతుంది. ఔంధ్ సంస్థానంలో 1939 ప్రాంతంలో జరిగిన ప్రయోగం మీద శాంతారాం 1957లో తీసిన హిందీ చిత్రం చాలామంది చూసి ఉంటారు. ఉత్తరప్రదేశ్‌లో సంపూర్ణానంద్ 1952 నుంచి ఖైదీల చేత ఆనకట్టల వంటి నిర్మాణాల దగ్గర శిబిరాలు వేయించి, కూలి ఇచ్చి పని చేయించాడు. మన రాష్ట్రంలో అనంతపురం దగ్గర 1965లో ఆరుబయలు జైలు వచ్చింది. ఖైదీలు అక్కడ సేద్యం చేస్తారు. జైపూర్ దగ్గర సాంగనేరులో 1963లో మొదలైన శిబిరం వీటన్నిటికంటె సాహసమైనది. అక్కడ శిక్షపడ్డవాడు, చాలావరకు హత్యకేసుల్లో యావజ్జీవం పడ్డవాడు, పెళ్ళాంబిడ్డలతో కాపురం ఉంటాడు. పొద్దున బయటికి పోయి తన పని తాను వెతుక్కుని సంపాదించుకుంటాడు. సాయంత్రం హాజరుకు వస్తాడు. ప్రభుత్వం తిండి పెట్టదు. పైకి చూస్తే సెటిల్‌మెంటుకూ దీనికీ పోలిక ఉంది: హాజరు, పొలిమేర, కుటుంబం. తేడా ఎక్కడంటే, సాంగనేరు ఖైదీకి తీర్పు ఉంది, గడువు ఉంది, పని ఎంచుకునే వీలు ఉంది, చేతికి వచ్చే కూలి అతనిది. ఈ నాలుగూ తీసేస్తే సాంగనేరు స్టూవర్టుపురం అవుతుంది.

అయితే ఈ తలుపు ఎవరికి తెరుచుకుంటుంది? అలవాటు నేరస్థుడిగా ముద్రపడ్డవాణ్ణి ఆరుబయలు జైళ్ళకు పంపరు. ఆ ముద్ర ఎవరి మీద సులువుగా పడుతుందో పైన చూశాం. 1958 నాటి ప్రొబేషన్ చట్టాన్ని చూడండి. చిన్న నేరానికి మందలించి వదిలేయవచ్చు. సత్ప్రవర్తనకు బాండు రాయించుకుని వదలవచ్చు. 21 ఏళ్ళలోపు వాణ్ణి జైలుకు పంపాలంటే మేజిస్ట్రేటు కారణాలు రాయాలి. మంచి చట్టం. కాని 4వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది: బాండు మీద విడుదలయ్యేవాడికో, అతని జామీనుకో ఆ కోర్టు పరిధిలో స్థిర నివాసం గాని నికరమైన వృత్తి గాని ఉండాలి. ఇల్లున్నవాణ్ణి ఇంటికి పంపుతారు. గుడారం వేసుకు తిరిగేవాణ్ణి జైలుకు పంపుతారు. కరుణకు కూడా చిరునామా కావాలి.

సమాజ సేవను ఒక శిక్షగా, గంటల లెక్కన, శాస్త్రీయంగా రూపొందించింది ఇంగ్లండు. బార్బరా వూటన్ అధ్యక్షతన ఉపసంఘం 1970లో సూచించగా 1972 చట్టం దాన్ని ప్రవేశపెట్టింది. 40 గంటలకు తక్కువ కాకుండా, 240కి మించకుండా, ఏడాదిలోపు, దోషి ఒప్పుకుంటేనే. పొట్టి జైలుశిక్షలకు చౌకైన ప్రత్యామ్నాయమని కొందరు, చేసిన తప్పుకు బదులు చెల్లించడమని మరికొందరు, రకరకాల సిద్ధాంతాలవాళ్ళు తమకు నచ్చిన అర్థం తీసుకోవచ్చునని ఆ ఉపసంఘమే గమనించింది. సోవియట్ యూనియన్‌లో అంతకు చాలా ముందే, 1920ల నుంచే, స్వేచ్ఛను హరించకుండా 'సరిదిద్దే శ్రమ' అన్న శిక్ష ఉండేది. దోషి తన ఫ్యాక్టరీలోనే పనిచేస్తాడు, జీతంలో కొంత కోత పడుతుంది. జైలు కంటె ఎంతో మేలైన ఊహ. 1940 జూన్ 26 డిక్రీ దాన్నే తీసుకుని, పనికి డుమ్మా కొట్టిన కార్మికులకు ఆరు నెలల దాకా, జీతంలో నాలుగో వంతు దాకా కోతతో వర్తింపజేసింది. శిక్ష కర్మాగారంలోకి వస్తే కర్మాగారమే శిక్షాస్థలం అయ్యే ప్రమాదం ఉందనడానికి ఇది ఉదాహరణ. సోవియట్ అభిమానులం కాబట్టి దీన్ని దాటవేయడం న్యాయం కాదు.

మన పార్లమెంటు ముందుకు కూడా ఈ ఊహ ఎప్పుడో వచ్చింది. శిక్షాస్మృతిని సవరించే బిల్లును 1978లో రాజ్యసభ ఆమోదించింది. అందులో సమాజ సేవ ఉంది, దోషి సమ్మతి ఉండాలన్న షరతూ ఉంది. 1979లో లోక్‌సభ రద్దుకావడంతో బిల్లు మురిగిపోయింది. నలభై అయిదేళ్ళ తరువాత వచ్చిన చట్టం ఆ బిల్లు కంటె ముందడుగు వేసి ఉండాలి గదా?

కొత్త చట్టంలో ఆరు నేరాలకు ఈ శిక్ష ఉంది. ప్రభుత్వోద్యోగి అక్రమంగా వ్యాపారం చేయడం, కోర్టు ప్రకటనకు లొంగి హాజరు కాకపోవడం, తాగి బహిరంగంగా అల్లరి చేయడం, పరువునష్టం (రచయితలు గమనించాలి), తొలిసారి చేసిన 5000 రూపాయల లోపు దొంగతనం సొత్తు తిరిగి ఇచ్చిన మీదట, ప్రభుత్వోద్యోగిని ఒక పనికి బలవంతపెట్టడానికి ఆత్మహత్యకు ప్రయత్నించడం. చివరిది ఆమరణ నిరాహారదీక్షలకు వర్తిస్తుందా అన్నది న్యాయవాదులు తర్కించవలసిన విషయం. దీక్షలో ప్రాణాలిచ్చిన పొట్టి శ్రీరాములు పుణ్యమా అని రాష్ట్రం తెచ్చుకున్న మనకు ఆ తర్కం మీద కొంచెం ఎక్కువ ఆసక్తి ఉండాలి.

మరి సమాజ సేవ అంటే ఏమిటి? శిక్షల సంహిత నిర్వచించలేదు. దాని తోడు చట్టమైన నాగరిక్ సురక్షా సంహిత 23వ సెక్షన్ వివరణలో ఒక్క వాక్యం ఉంది: సమాజానికి మేలు చేసే పని, కోర్టు శిక్షగా చేయమనేది, దానికి దోషికి ఏ ప్రతిఫలమూ ఉండదు. ఎన్ని గంటలు? లేదు. ఎలాంటి పని? లేదు. దోషి సమ్మతి? లేదు. చేయకపోతే జైలు మాత్రం ఉంది. కఠిన కారాగారం పడ్డ ఖైదీకి తగిన కూలి ఇవ్వాలని సుప్రీంకోర్టు 1998లో గుజరాత్ కేసులో చెప్పింది. హత్యచేసి జైల్లో మగ్గం నేసేవాడికి కూలి ఉంది. తాగి రోడ్డు మీద అరిచినవాడి చేత ఉచితంగా పని చేయించవచ్చు.

ప్రతిఫలం లేని పనిని తెలుగువాళ్ళు వెట్టి అంటారు. తెలంగాణలో 1940ల దాకా ఏ నేరమూ చేయని మాల, మాదిగ, చాకలి, మంగలి, కుమ్మరి దొర గడీలో చేసినదీ, వాళ్ళు తిరగబడి తెంచుకున్నదీ ఆ వెట్టినే. రాజ్యాంగం 23వ అధికరణం దాన్ని నిషేధించింది. ఇప్పుడు అది గౌరవప్రదమైన పేరుతో శిక్షల పట్టికలోకి వచ్చిందన్నప్పుడు, కేవలం మాటల పోలిక కోసం అంటున్నానని అనుకోవద్దు. కోర్టులు సమాజ సేవ అనగానే ఏ పని గుర్తుకు తెచ్చుకుంటున్నాయో చూడండి. 2023లో విశాఖపట్నంలో తాగి బండ్లు నడిపినవాళ్ళ చేత సముద్రతీరం ఊడిపించారు. ఆసుపత్రి శుభ్రం చేయడం, వీధి ఊడ్వడం లాంటివే ఎక్కువగా వినిపిస్తాయి. పత్రికలు ఫోటోలు వేశాయి, జనం నవ్వుకున్నారు. ఎందుకు నవ్వుకున్నారు? చీపురు పట్టడం అవమానం గనక. అదే వీధిని రోజూ తెల్లవారుజామున ఊడ్చే మునిసిపల్ కార్మికురాలు ఏ నేరం చేసిందని ఆ అవమానం అనుభవిస్తోంది? ఆమె బతుకుతెరువును న్యాయస్థానం శిక్షగా గుర్తించిందన్న సంగతి ఆమెకు ఎవరు వివరిస్తారు? ఇంకో పక్క 2024 మేలో పుణెలో ఖరీదైన కారుతో ఇద్దరి ప్రాణాలు తీసిన కేసులో సంపన్న కుటుంబపు బాలుడికి 300 మాటల వ్యాసం రాయమన్నారు. అది శిక్ష కాదు, బెయిలు షరతు. గొడవ జరిగాక మార్చారు కూడా. అయినా ఒకడికి కలం, ఒకడికి చీపురు అని తోచడం వెనక ఒక పాత తూకం ఉంది. 1816 రెగ్యులేషన్ రాసినవాళ్ళకు అది పరిచితమే.

ఇది ఊహాగానం కాదనడానికి సాక్ష్యం సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. జైళ్ళలో కులవివక్ష మీద పాత్రికేయురాలు సుకన్యా శాంత వేసిన కేసులో 2024 అక్టోబర్ 3న కోర్టు తీర్పు ఇచ్చింది. ఉత్తరప్రదేశ్ జైలు నియమాల్లో, సాధారణ జైలుశిక్ష పడ్డవాణ్ణి నీచమైన పనులకు పెట్టరాదు, అలాంటి పనులకు అలవాటుపడ్డ కులంవాడైతే తప్ప అని ఉంది. పశ్చిమ బెంగాల్ నియమాల్లో, సంచార జాతులవాళ్ళ వంటి పారిపోయే సహజ గుణం ఉన్నవాళ్ళను రాత్రి కాపలాకు పెట్టరాదని ఉంది. 1871 చట్టం 1952లో చచ్చిపోయిందనుకున్నాం. అది జైలు మాన్యువల్లో డెబ్బై ఏళ్ళు కాపురం చేసింది. కోర్టు ఈ నియమాలను కొట్టివేసి మూడు నెలల్లో మాన్యువళ్ళు సవరించమని రాష్ట్రాలను ఆదేశించింది. గోడల లోపల ఏ పని ఎవరికి అన్నదాన్ని కులమే నిర్ణయించిందని తేలిన తరువాత, గోడల బయట పనిని పంచే అధికారాన్ని ఏ నియమమూ రాయకుండా మేజిస్ట్రేట్ల విచక్షణకు వదిలిపెట్టడం ఎలాంటి వివేకమో చట్టం చేసినవాళ్ళు చెప్పాలి.

ఇక్కడ ఒక అపార్థానికి తావివ్వకూడదు. జైలు కంటె సమాజ సేవ మేలే. వెయ్యి రూపాయల వస్తువు దొంగిలించిన కుర్రవాణ్ణి జైల్లో వేస్తే బయటికి వచ్చేది మరో మనిషి. ఆ మేలు ఎంతమందికి అందుతుందన్నది వేరే లెక్క. 2022 చివరి నాటికి దేశపు జైళ్ళలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురికి ఇంకా ఏ రకం శిక్షా పడలేదు. శిక్షల పట్టికలో ఎన్ని కొత్త అంశాలు చేర్చినా వీళ్ళకు సంబంధం లేదు. బీహారు జైళ్ళలో తమ నేరానికి పడగల గరిష్ఠ శిక్ష కంటె ఎక్కువకాలం విచారణ లేకుండా మగ్గినవాళ్ళ సంగతి 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో బయటపడింది. జామీను దొరకని పేదవాడు ముందే శిక్ష అనుభవించి, ఆ తరువాత కోర్టుకు వస్తున్నాడు.

రాష్ట్రాలు ఈ ఆరో శిక్షకు నియమాలు రాసుకునేటప్పుడు రచయితలు, న్యాయవాదులు, పౌరహక్కుల సంఘాలు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. గంటలకు పై హద్దు చట్టంలోనే ఉండాలి. దినకూలి చేసుకునేవాడు ఉచితంగా పనిచేసిన రోజున ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో ఆలోచించాలి; ఉద్యోగికి ఆదివారం సేవ, కూలివాడికి పస్తు అయ్యే పని కాకూడదు. పారిశుద్ధ్యపు పనిని శిక్షగా వేయడాన్ని నిషేధించాలి. దోషి సమ్మతి తీసుకోవాలి; 1978 బిల్లుకు ఉన్నపాటి మర్యాద ఇప్పటి చట్టానికి ఉండకపోవడానికి కారణం లేదు. శిక్ష ముగిశాక పేరు కొట్టివేయని రిజిస్టరు ఉండకూడదు. అన్నిటికంటె ముందు, ఆ రోజు పని చేశాడో లేదో రాసే హాజరు పుస్తకం పోలీసు స్టేషన్లో ఉంటుందా, ప్రొబేషన్ అధికారి దగ్గర ఉంటుందా, పని చేయించుకునే సంస్థ చేతిలోనే ఉంటుందా అన్నది తేల్చాలి. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి మనుషుల్ని పంపిన రోజుల్లో ఈ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు.